కిర్రుమనని తలుపు

తలుపు కిర్రుమంటే పాప లేస్తోందని అల్లుడు రోజూ మడతబందులకు నూనె రాసేవాడు. తెల్లారేసరికి అవి ఎండిపోయి మళ్లీ కిర్రుమనేవి.

ఓ రాత్రి అత్తగారు పాతగుడ్డతో ఆ నూనె తుడుస్తూ దొరికిపోయింది.

"ఏంటత్తయ్యా, నా కష్టమంతా తుడిచిపెట్టేస్తున్నారా?"

"తలుపును కిర్రుమననీ బాబూ. లేకపోతే అది లోపలికొచ్చినట్టు మనకెలా తెలుస్తుంది?"

"ఏది?"

ఆమె ఉయ్యాల వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అల్లుడికి చిర్రెత్తుకొచ్చింది. గుడ్డ లాక్కుని, బందుల సీలలు ఊడదీసి, తుప్పు గీకి, ఈసారి కారేలా నూనె పోశాడు. గడియ వేసి పడుకున్నాడు.

చలిగాలి తగిలి మెలకువ వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఎవరూ ఊపకుండానే ఉయ్యాల ఊగుతోంది.

పాప మాత్రం లేవలేదు.