నుమాన్ మామ పార

బాయిలర్ గదిలో మనిషి మాట వినపడదు. ఏడెన్ నుంచి వచ్చి ఓడల బాయిలర్లలో బొగ్గు వేసే మేము పారతో ఇనుప గోడను కొట్టి మాట్లాడుకుంటాం.

జర్మన్ల టార్పెడో మా సరుకు ఓడ పొట్ట చీల్చింది. ఆవిరికి చర్మం ఊడి అరుస్తున్నవాళ్ళను తొక్కుకుంటూ పైకొచ్చాను. వెనకే ఇనుప తలుపు మూసుకుంది. నుమాన్ మామ లోపలే ఉండిపోయాడు.

తలుపు దగ్గర మేస్త్రీ ముక్బిల్ ఉన్నాడు. అతని గొంతు పట్టుకున్నాను.

"తెరవరా కుక్కా! మామని చంపుతావా?"

అతను మూతి మీద గుద్దాడు. నా పన్ను ఊడింది. లోపల పార మోగింది, జంటగా. మళ్ళీ జంటగా.

"విను! తెరవమని మొత్తుకుంటున్నాడు!"

"గడియ లోపలుందిరా గాడిదా. నీళ్ళు మనవైపు రాకుండా మీ మామే వేసుకున్నాడు. జంట దెబ్బలు దేనికి కొడతాం, మర్చిపోయావా?"

బొగ్గు పంపమని.

పైన మేం తప్పించుకోవాల్సిన పడవలు తగలబడుతున్నాయి. ఎదురుగా అలెగ్జాండ్రియా ఒడ్డు. ఇంకాస్త ఆవిరి ఉంటే ఓడ మునిగేలోపు ఇసుక మీదికి ఎక్కుతుంది.

బొగ్గు కొట్టులోకి పరిగెత్తి, కిందికి దిగే గొట్టంలోకి బొగ్గు తొయ్యడం మొదలుపెట్టాను.

ఓడ అడుగు ఇసుకను ఒరుసుకుంది. దెబ్బలు అంతకుముందే ఆగిపోయాయి. నేను మాత్రం తోస్తూనే ఉన్నాను.