అద్దం నల్లబడింది

"కళ్ళతో ఆటలొద్దమ్మా. మంచిదే తీసుకో," అన్నాడు నాన్న, కొట్లో వేలాడుతున్న వెల్డింగ్ హెల్మెట్లను ఒక్కొక్కటే తడిమి చూస్తూ.

ఆ మాటన్నది జీవితమంతా ఓ నల్లద్దం ముక్కను ముఖానికి అడ్డం పెట్టుకుని గేట్లు అతికిన మనిషి. ఈమధ్య మాత్రం, "నాకు ఓపిక తగ్గింది, ఇంట్లో వెల్డింగు పని నువ్వు నేర్చుకో," అంటూ కూతురి వెంటపడ్డాడు.

తోలు గ్లౌజులు నలిపి నలిపి ఎంచాడు. ఏప్రన్ కుట్లను గోటితో గీకి చూశాడు.

"ఇంత పట్టింపు నీకెప్పుడూ లేదే," అని నవ్వింది కూతురు.

కొట్టతను ఒక హెల్మెట్ అందించాడు. "దీంట్లోంచి మామూలుగా అంతా కనబడుతుందండీ. ఎదురుగా మంట వెలిగితేనే అద్దం నల్లబడుతుంది. ఇదిగో లైటర్, మీరే చూసుకోండి."

నాన్న దాన్ని తలకు తగిలించుకున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి లైటర్ నొక్కింది. టిక్కుమంది గాని వెలగలేదు.

"ఆఁ, నల్లబడింది. భేషుగ్గా ఉంది, ఇదే తీసుకో," అన్నాడు నాన్న.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. ఖాళీ చేతిని మెల్లగా అద్దం ముందు ఆడించింది. ఆయన తల కాస్తయినా కదల్లేదు.

డబ్బు కట్టి గుమ్మం దాటేటప్పుడు, "మెట్టుంది నాన్నా," అని చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోనివ్వని మనిషి, ఈసారి విడిపించుకోలేదు.

"తొందరగా నేర్చుకో," అన్నాడు.