గడి ముందు చెప్పులు

హన్మకొండలో రాజేశ్వర్ రావు వంశపు దొరలు కట్టిన పాత భవంతి, ఆ గడి నిండా తాతల నాటి చిత్రాలే. వాటిని చూడటానికి ఆఫీసు స్నేహితురాలు దీపతో వచ్చింది నవ్య. వచ్చినవాళ్లంతా చెప్పులు అరుగు కింద తలోదిక్కూ వదిలేసి లోపలికి నడిచారు.

చివరి గదికి చేరేసరికి చీకటి పడింది. అక్కడి పటంలో దొర కుర్చీ వెనక, నీడలో, విసనకర్ర పట్టుకున్న ఒక పిల్ల. చేతుల నిండా గాజులు. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. నిరుడు చనిపోయిన నాయనమ్మ కట్టమ్మకూ అవే చుక్కలు. గడిలో చేసిన చాకిరీ గురించి ఆమె చెప్పబోతే నవ్య లేచి వెళ్లిపోయేది.

"నవ్యా, గీమె అచ్చం నీ లెక్కనే ఉన్నది గదనే!" అంది దీప.

"పనిపిల్ల అమ్మా. పేరు ఎవలకు యాదుంటది?" అన్నాడు పటాలు చూపిస్తున్న రాజేశ్వర్ రావు.

పేరు నవ్య నోటిదాకా వచ్చింది. మింగేసింది. "మా ఇంట్ల గసొంటోళ్లు ఎవ్వరు లేరు," అని నవ్వింది. చెవులు భగ్గుమన్నాయి.

పటం దగ్గర గాజులు గల్లుమన్నాయి. దీప చేతులకు గాజులు లేవు. తనకూ లేవు.

బయట అరుగు మీద మనిషి జాడ లేదు. అందరి చెప్పులూ విడిచినచోటే పడి ఉన్నాయి. నవ్యవి మాత్రం దుమ్ము తుడిచి, జతగా, కాళ్లు పెట్టుకోను వీలుగా బాట వైపు తిప్పి ఉన్నాయి. తను బడికి బయల్దేరేముందు నాయనమ్మ రోజూ అలాగే పెట్టేది.

"ఏమాయెనే? తొడుక్కో, పోదాం," అంది దీప.

నవ్యకు కాలు ముందుకు పడలేదు. చెప్పుల పక్కన, నేలకు ఆనుకుని, గాజులు మళ్లీ గల్లుమన్నాయి.

ఎవరో ఇంకా వంగే ఉన్నారు.