గోల్నాకలో ఎంక్వయిరీ

"ఆ సామేలుకు ఇల్లిస్తవా? మతి ఉండే అడుగుతున్నవా అన్నా?"

గోల్నాకలో తన ఇంటి గడపకు అడ్డంగా నిలబడి సోమమ్మ అన్న తీరుకు చంద్రయ్య ఒక మెట్టు కిందికి దిగాడు. తార్నాకలో ఆయన ఇంటి కింది వాటా ఖాళీగా ఉంది. సోమమ్మ ఇంట్లో కిరాయికుంటున్న సామేలు అది తనకిమ్మని నిన్ననే వచ్చి అడిగి వెళ్లాడు. మాట మెత్తన. అయితే ఏం, చంద్రయ్య రైల్వేలో టీసీగా చేసి రిటైరైనవాడు. టికెట్ లేనివాడి మాటే అందరికన్నా మెత్తగా ఉంటుందని ఆయనకు తెలుసు. అందుకే చెప్పాపెట్టకుండా వెళ్లి పాత ఓనరును అడగడం ఆయన పద్ధతి.

ఆ పద్ధతి ఊరికే రాలేదు లెండి. పోయినసారి "మనోళ్లే గదా" అని ఆయన భార్య భూదేవి ముచ్చటపడితే కులం చూసి ఇల్లిచ్చారు. ఆ మనోడు ఖాళీ చేయనని కోర్టుకెక్కి, ఏళ్లు గడిచాక గానీ కదల్లేదు. ఇంకోసారి అలాంటివాడు చేరాడంటే ఇల్లు దక్కదు.

"ఇంతకూ ఏం చేస్తరక్కా వాళ్లు?" అన్నాడు చంద్రయ్య.

"ఏం చెయ్యరో అడుగు. పొద్దున నేను కండ్లు తెరవకముందే ఆ సామేలొచ్చి దబదబ తలుపు బాదుతడు. నేను తీసేదాంక పోడు. ఆయన పెండ్లాం సువార్త, అడగకుండనే నా వంటింట్లకొస్తది. గిన్నెలన్నీ ముట్టుకుంటది. ఆదివారమొస్తే ఇక పాటలే పాటలు. గోడ అవతల ఒక ముసల్ది ఉన్నదన్న సోయి ఉండదు. నువ్వు మంచోని లెక్క కనవడుతున్నవు. తెలిసి తెలిసి గోతిల పడకు."

మంచినీళ్లు కావాలా అని కూడా అడగకుండా తలుపేసుకుంది.

గండం తప్పిందనుకుంటూ చంద్రయ్య బస్సెక్కాడు. ఆ బస్సు యూనివర్సిటీ క్యాంపస్ మీదుగానే తార్నాకకు పోతుంది. మనిషిని ఆశపెట్టి తిప్పడం ఆయనకు చేతకాదు. ఆ కాదనేదేదో ఇప్పుడే అనేద్దామని ఆర్ట్స్ కాలేజీ దగ్గర దిగాడు.

కెమిస్ట్రీలో రీసెర్చి చేస్తున్న సామేలు అక్కడే బస్టాపులో ఉన్నాడు. పక్కన సువార్త, ఏడో నెల పొట్టతో ఆయాసపడుతూ బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె యూనివర్సిటీ ఆఫీసులో టైపిస్టు. ఇక బస్సు కుదుపులు పనికిరావని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఉద్యోగమేమో టెంపరరీ, మానేస్తే మళ్లీ ఇవ్వరు. నడిచి పోయేంత దగ్గర్లో ఇల్లు దొరికితేనే ఆ ఉద్యోగం, ఆ ఉద్యోగం ఉంటేనే వాళ్ల పొయ్యి వెలిగేది.

"ఇల్లియ్యను సామేలూ. గోల్నాకకు పోయొచ్చిన," అన్నాడు చంద్రయ్య.

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. సోమమ్మ అన్నదంతా ఆయన దాచకుండా చెప్పేశాడు. ఇక సామేలు మొదలుపెడతాడు సోమమ్మ మీద తిట్లు, అనుకుంటూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓనరును తిట్టని కిరాయిదారును ఆయన అంతవరకూ చూసి ఎరగడు.

"నిజమే సార్, తలుపు కొడత," అన్నాడు సామేలు. "ఆమె ఒక్కతే ఉంటది. తీస్తేనే గద మంచిగున్నదని తెలిసేది. అందుకే తీసేదాంక కొడత."

"మరి వంటింట్లకు పోవుడేంది?"

"పోత సార్," అంది సువార్త. "ఆమెకు చెయ్యి విరిగినప్పటి సంది పోతున్న. అతుక్కున్నంక మానుకుంటే, నేనేం చేసిననే, వస్తలేవు అని ఏడిసింది."

"పాటలు?"

అంత దిగుల్లోనూ సువార్తకు నవ్వాగలేదు. "పాడుతం సార్. మా అందరికన్న పెద్ద గొంతు ఆమెదే."

చంద్రయ్య కట్టుకున్న చేతులు విప్పాడు. "మరి గట్లెందుకు చెప్పింది? మీకు కోపం రాదా?"

"మేం పోతే మళ్ల ఎవరొస్తరోనని భయం సార్ ఆమెకు. ఏమనుకోకున్రి," అన్నాడు సామేలు. "మీకు ఇయ్యబుద్ధి కాకుంటే ఇంకోటి చూసుకుంటం. ఆమెను మాత్రం అబద్ధాలకోరు అనుకోవద్దు."

చేతికొచ్చిన ఇల్లు పోతోంది, భార్య ఉద్యోగం పోతోంది, అయినా అడ్డం పడ్డ మనిషి మీద ఈ పిల్లవాడు ఒక్క మాట పడనివ్వడం లేదు. అక్కడ ఆమె చూస్తే, వీళ్లను పోగొట్టుకోలేక అన్ని తిట్లు తిట్టింది. ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారా అని చంద్రయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇన్నేళ్లూ తాను చేసింది ఏం ఎంక్వయిరీ అనిపించింది.

"శనివారం సామాన్లు తెచ్చుకోండ్రి," అన్నాడు.

ఇంటికి రాగానే భూదేవి ఎదురొచ్చింది. "ఏమాయె? మనోళ్లేనా?"

"మనోళ్లే," అన్నాడు చంద్రయ్య, చెప్పులు విడుస్తూ.

శనివారం పొద్దున్నే ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. మంచం, స్టవ్వు, రెండు పెట్టెల నిండా సామేలు పుస్తకాలు దిగాయి. వెనకాలే ఇంకో ట్రాలీ వచ్చి ఆగింది. అందులో ఇంకో మంచం, ఇంకో స్టవ్వు, డ్రైవరు పక్కన సోమమ్మ.

సామేలు గాభరాగా పరుగెత్తుకొచ్చాడు. "ఎంత వద్దన్నా వినలేదు సార్. సొంతింటికి టులెట్ బోర్డు పెట్టి మా ఎనకనే వచ్చింది."

సోమమ్మ నెమ్మదిగా దిగింది. చంద్రయ్య మొహం చూడలేక, మెట్ల పక్కనున్న చిన్న గది వైపు చూసింది.

"ఆ రూము నాకు కిరాయికియ్యి అన్నా. నేనెసొంటిదాన్నో ఎవరినన్న అడగాల్నంటే ఈ సామేలునే అడుగు."