కంబళి వెనక చెయ్యి

"హేమావతికి చక్రాల కుర్చీ రాదంటమ్మా," అన్నాడు తిప్పేస్వామి బండి దిగకుండానే. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలమంతా తిరిగే టీచరతను.

కదిరమ్మ కూతురి మూతి తుడుస్తూ ఆగిపోయింది. "అట్లంటే ఎట్ల సార్? కుర్చీ వస్తే బిడ్డను బడికి తోసుకోని పోవచ్చని ఏడాదిగా చూస్తాండా."

"మనం పంపిన ఫొటోలో పాప తనంతట తానే కూర్చోనుండాది. కుర్చీ అక్కర్లేదని పైనోళ్లు పేరు తీసేసినారు."

"తనంతట తానా! నేను కంబళి యెనక దాక్కోని నడుం పట్టుకోనుంటిని సార్. నలుగురు చూసే ఫొటో, నా బిడ్డ బాగా కనబడాలని..."

అతను బండికి స్టాండు వేశాడు. "కుర్చీ ఇంక వచ్చే ఏడే. దానికి ఇప్పుడే ఇంకో ఫొటో పంపుదాం. ఈ తూరి పట్టుకోవద్దు."

సారు ఫోను ఎత్తగానే, అమ్మ నేర్పినట్టే హేమావతి నవ్వింది.

కదిరమ్మ పాప నడుం మీంచి చెయ్యి తీసింది. పాప నవ్వుతూనే పక్కకు ఒరిగింది. తీసిన చెయ్యి దానంతటదే మళ్లీ ముందుకు వెళ్లింది.

"వద్దమ్మా," అన్నాడు తిప్పేస్వామి గొంతు తగ్గించి. "పడేది కనబడాల."