పేషెంటు కాక

"నేను చచ్చిన," అన్నాడు నేల మీద పడుకున్న ముసలాయన, కళ్లు తెరవకుండానే.

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

ముత్యం మోకాళ్ల దుమ్ము దులుపుకొని లేచాడు. అతని చేతిలో ఆ ముసలాయన చావడం ఇది ఆరోసారి.

గోదావరిఖనిలో ఆ బొగ్గుబాయి గడ్డమీద, మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చినవాళ్లకు కాంపౌండర్ యేసుదానం ఫస్టెయిడ్ నేర్పేవాడు. నెలాఖరుకు డాక్టరు వచ్చి పరీక్ష పెడతాడు. నెగ్గితే దవాఖాన బండి మీద డ్యూటీ. తప్పితే మళ్లీ టబ్బుల్లో బొగ్గు నింపుకోవాల్సిందే.

ముత్యానికి ఆ డ్యూటీ కావాలి. సుఖం కోసం కాదు. అతనికి పదేళ్లప్పుడు తండ్రి ఇదే బాయిలో దెబ్బతిని, దవాఖాన దాకా ప్రాణంతో చేరలేకపోయాడు. ఆ దారిలో ఇంకెవరి ప్రాణమూ పోకూడదని అతని పంతం.

బాయి దిగే మనిషి ఒళ్లు బాగుండగా స్ట్రెచర్ ఎక్కితే, మరుసటి షిఫ్టులో దాని మీదే పైకి వస్తాడని అందరికీ భయం. అందుకే దెబ్బతిన్నవాడిలా పడుకోవడానికి ఒక్కడూ ముందుకు రాడు. లాంపులు తుడిచే ఈ ముసలాయన మాత్రం పిలవకపోయినా వచ్చి పడుకుంటాడు. పేరెవరూ అడగలేదు. అందరికీ 'పేషెంటు కాక', అంటే పేషెంటు బాబాయి.

"కట్టు మంచిగనే కట్టిన గద కాకా," అన్నాడు ముత్యం.

"కట్టు మంచిగనే ఉన్నది. నడుము ఇరిగినోన్ని చంకల కింద చేతులేసి లేపినవ్. ఇగ వాడేడ బతుకుతడు?"

"జల్ది దవాఖానల పడెయ్యాలె గద. మా నాయినను ఒకాయన భుజాన ఏసుకొని, ఎత్తు దారెంట పై దాక ఉరికిండట. పానం నిలువలేదు గనీ, పరాయోని మీద గంత పావురం, గంత ప్రేమ ఎవలికుంటది? ఆయనెవలో తెల్వదు. ఆనాటి సంది బాయిల కనవడలేదట. మా అవ్వ ఇప్పటికీ శుక్రారం శుక్రారం దీపం పెట్టి, ఆయన సల్లంగుండాలె అని మొక్కుతది."

ముసలాయన కళ్లు తెరిచాడు.

"మీ నాయిన పేరేంది?"

"లింగమూర్తి."

ఆయన తన ఒంటి మీది కట్టు తానే విప్పి, ముత్యం చేతిలో పెట్టాడు.

"మళ్ల పండుకుంట," అన్నాడు. "మళ్ల లేపు."

ఆ రోజు నుంచి ముత్యాన్ని మరీ వేపుకు తిన్నాడు. అందరూ చాయ్‌కి పోయినా అతన్ని మాత్రం పోనిచ్చేవాడు కాదు. పిల్లనిచ్చిన మామ కూడా ఇంత సతాయించడని తోటివాళ్లు ఎగతాళి చేశారు. ముసలాయనకు తన మీద ఏదో కోపం ఉందని ముత్యం అనుకున్నాడు. అయినా మానలేదు. ఈయన నోట 'బతికిన' అనిపించేదాకా వదలనని మొండికేశాడు.

తలను ఒకరు కదలకుండా పట్టుకోవాలి. తక్కినవాళ్లు ఒక్క మాట మీద ఎత్తాలి. ఒళ్లు దూలంలా నిటారుగా ఉండాలి. తొందర పనికిరాదు.

పరీక్షనాడు డాక్టరు ముసలాయన మీదికి వంగి ఎట్లా ఉందని అడిగాడు.

"బతికిన సారూ," అన్నాడాయన. దగ్గుతూ తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. దగ్గు వల్లనేమో అనుకున్నాడు ముత్యం.

ముత్యం నెగ్గాడు. మూడు నెలలకు బాయిలో పైకప్పు కూలింది. ముత్యం స్ట్రెచర్‌తో దిగేసరికి, సామ్యేల్ అనే కార్మికుణ్ణి బండ కింద నుంచి అప్పుడే తీశారు. కాళ్లు కదలడం లేదు. అతని బావ ఏడుస్తూ, భుజాన వేసుకోవడానికి వంగాడు.

"ముట్టకు," అన్నాడు ముత్యం.

"పానం పోతాంది, నీకు కండ్లు కనవడ్తలేవా?"

"ఇప్పుడు నువ్వు లేపితెనే పోతది. తల నేను పట్టుకుంట. నేను చెప్పినంక, అందరొక్కసారి."

అంగుళం అంగుళం జరిపి స్ట్రెచర్ పలక మీదికి తెచ్చారు. పైకి రావడానికి గంట పట్టింది. ఆలస్యమవుతోందని సామ్యేల్ బావ, తోటివాళ్లు దారి పొడవునా ముత్యాన్ని తిడుతూనే ఉన్నారు.

సామ్యేల్ నడుస్తాడని డాక్టరు మూడోనాడు చెప్పాడు.

ముత్యం డజను అరటిపండ్లు కొని, దగ్గు ముదిరి కొన్నాళ్లుగా పనికి రాని ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. ఆ గుడిసె ముందు ఆయన భార్య పూలమ్మ ఒక్కతే కూర్చొని ఉంది.

"పది రోజులాయె బిడ్డా, దగ్గుతోనే పోయిండు," అంది.

ముత్యం అరటిపండ్లు గడప మీద పెట్టి, ఇన్నాళ్లూ అడగని ఆయన పేరు ఆమెను అడిగి తెలుసుకున్నాడు.

"నువ్వు ముత్యానివేనా? నీకొక మాట చెప్పుమన్నడు. మీ అవ్వను ఆ దీపం పెట్టుడు మానుమన్నడు."

"ఎందుకు?"

"మీ నాయినను భుజానేసుకున్నది మా ఆయననే. సాపుగ పండవెట్టి తెస్తె బతుకుతుండెనని డాక్టరన్నడట. ఆ మాట ఇన్ననాటి సంది మీ ముంగట పడలే, మల్ల బాయి దిగలే."

ఆ శుక్రవారం తల్లి సారవ్వ దీపం వెలిగించి, పేరు తెలియని ఆ మనిషికి ఎప్పటిలాగే మొక్కుతుంటే, ముత్యం పక్కన కూర్చొని వత్తి కొంచెం పైకి ఎగదోసి, "ఆయన పేరు రాయమల్లు, అవ్వా," అన్నాడు, "నాకు మనిషిని ఎట్ల మొయ్యాలెనో నేర్పిచ్చి పోయిండు, దీపం మానకు."