నెలకో నకలు

"మళ్లా అచ్చినవా చాచా?" అంది నీల.

మజర్ చేతిరుమాలులో చుట్టిన హార్డ్ డిస్క్ తీసి కంప్యూటర్ పక్కన పెట్టాడు.

అది కోరుట్లలో ఒక చిన్న గది. గల్ఫ్ పోయి జాడ లేకుండా పోయినవాళ్ల కుటుంబాలు పెట్టుకున్న సంఘానికి ఆఫీసు.

సంఘానికి ఒక వెబ్‌సైట్ ఉంది. పోయినవాళ్ల ఫొటోలు, పాస్‌పోర్టు నకళ్లు, చివరిసారి ఇంటికి పంపిన వాయిస్ మెసేజీలు అందులోనే. మొత్తం మూడు వందల పన్నెండు మంది. దాన్ని చూసుకునేది నీల.

మజర్‌ది రాయికల్. అరవై దాటిన మనిషి. ప్రతి నెలా మొదటి గురువారం బస్సు దిగి వచ్చి, సైటు మొత్తం నకలు తీసివ్వమంటాడు.

గంటన్నర పడుతుంది. అంతసేపూ ఆఫీసులో నెట్ నత్తనడకే. కాగితాలు ఎక్కించుకుందామని దూరం నుంచి వచ్చిన ఆడవాళ్లు కాచుకుని కూర్చోవాలి. నీలకు ఒళ్లు మండేది.

జాడ లేనివాళ్లలో తన మనిషి ఎవరో ఆయన ఏనాడూ చెప్పలేదు. కొడుకో తమ్ముడో అయి ఉంటాడు, చెప్పుకోలేకపోతున్నాడు అని అందరూ అనుకున్నారు.

ఆ గురువారం నీల హుషారుగా ఉంది. ఒక తలనొప్పి వదిలింది మరి.

సైటును నడిపే హోస్టింగ్ కంపెనీ వారానికోసారి దానంతటదే ఒక నకలు తీసి దాస్తుంది. దాచే చోటు నిండింది, పాతవి తీసేయండి అని కొన్నాళ్లుగా మెయిల్ మీద మెయిల్. ఎక్కువ చోటు తీసుకునే తాహతు సంఘానికి లేదు. నీల సెట్టింగ్ మార్చేసింది. ఇకనుంచి ఒక్క నకలే ఉంటుంది. కొత్తది రాగానే పాతది పోతుంది. మెయిళ్లు ఆగిపోయాయి.

ఆ సంగతి మజర్‌కు గొప్పగా చెప్పింది.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"సైటే ఖరాబైందనుకో బిడ్డా. గా ఖరాబైనదాన్నే నకలు తీసి, మంచిదాన్ని తుడిచేస్తది గదా?"

నీలకు రోషం వచ్చింది. సైటు చూసేది తాను, పాఠాలు చెప్పేది ఈయనా?

"నీ మనిషి కాయితాలు నువ్వు తీస్కపో చాచా. అందరియి నీకెందుకు? వచ్చే నెల నుంచి రాకు. కంపెనోళ్లు దాస్తనే ఉన్నరు."

గదిలో ఉన్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

"సరే బిడ్డా" అన్నాడు మజర్. ఆ నెల నకలు మాత్రం తీసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. నెట్ బాగా నడిచింది. నీల ఆయన్ని మరిచిపోయింది కూడా.

ఆ తర్వాత ఒక సోమవారం, ఎవరో సైటులోకి చొరబడి ఉన్నవన్నీ చెరిపేశారు.

మంగళవారం కంపెనీ తన పని తాను చేసింది. ఖాళీ సైటుకు నకలు తీసింది. ముందటి వారం నకలును తీసేసింది.

నీల చూసింది బుధవారం. కంపెనీకి ఫోన్ చేస్తే, మీరు పెట్టుకున్న సెట్టింగే కదా మేడమ్ అన్నారు.

అదే రోజు బోయినపల్లి నుంచి కొమురవ్వ వచ్చింది. ఆమె భర్త మొండయ్య జాడ తెలియక ఆరేళ్లు. గల్ఫ్‌లో ఒక ఆసుపత్రిలో మాట పడిపోయిన మనిషి ఒకడు ఉన్నాడట. శుక్రవారంలోగా మొండయ్య ఫొటోలు, పాస్‌పోర్టు నకలు పంపితే పోల్చి చూస్తామన్నారట. ఇంట్లో ఉన్న అసలు కాగితాలు మొన్నటి వానలకు గోడ కూలి మట్టిలో కలిశాయి.

"నీ దగ్గరైతే పైలంగ ఉన్నయి గదా బిడ్డా" అంది కొమురవ్వ.

నీలకు ఏడుపు వచ్చింది. జరిగింది దాచకుండా చెప్పింది. అప్పుడు గుర్తొచ్చాడు మజర్.

ఆయన ఫోన్ పలకలేదు. రిజిస్టరులో ఉన్న చిరునామా పట్టుకుని ఇద్దరూ రాయికల్ బస్సెక్కారు.

తలుపు తీసింది మజర్ భార్య హుస్సేన్‌బీ. ఆయన గుండె ఆగి పోయాడని, నలభై దినాల ఫాతెహా ప్రార్థన మొన్ననే అయిందని చెప్పింది.

నీల గుమ్మంలోనే నిలబడిపోయింది. వచ్చిన పని కొమురవ్వే చెప్పింది.

హుస్సేన్‌బీ లోపలికి వెళ్లి హార్డ్ డిస్క్, మజర్ పాత లాప్‌టాప్ తెచ్చింది.

మొండయ్య ఉన్నాడు. ఫొటోలు, పాస్‌పోర్టు, ఇంటికి పంపిన మాటలు, అన్నీ ఉన్నాయి. కొమురవ్వ తెర మీద చెయ్యి పెట్టి తీయలేదు. నీల అక్కడి నుంచే వాటిని ఆసుపత్రికి పంపింది.

మజర్‌ను రావద్దన్నాక సైటులో చేరినవాళ్లు తొమ్మిది మంది. వాళ్లవి మాత్రం ఎక్కడా లేవు. ఆ తొమ్మిది ఇళ్లకూ నీల ఏం చెప్పుకోవాలో నీలకే తెలియదు.

లేచి బయలుదేరుతూ అడిగింది.

"అమ్మా, గిందుల మీ మనిషి ఎవరు? చాచా ఎన్నడు చెప్పలే."

"మావోళ్లు ఎవ్వలు తప్పిపోలే బిడ్డా" అంది హుస్సేన్‌బీ.

మళ్లీ తనే చెప్పింది.

"పదకొండేండ్లు ఆయన గల్ఫుల దవాఖాన్ల శవాల గదిల పని చేసిండు, పేరు తెల్వక నంబరేసి బొందవెట్టినోళ్లకు ఆఖరి తానం పోసింది ఆయనే, గందుకే గీ ఫొటోలు ఒక్కొక్కటి తీసి, వీళ్లల్ల నేను మొఖం కడిగినోళ్లు ఎవరున్నరో అని దేవులాడుతుండె."